బోదెలో మూడు బంతులు: పిన్‌బాల్ స్విచ్చుల మరమ్మతు డైరీ

జూన్ 29

మా బావగారు ఉద్యోగ విరమణ చేసి అమెరికా నుంచి అమలాపురం వచ్చేసినప్పుడు ఇంటి సామానుతో పాటు కంటెయినర్‌లో వేయించి తెచ్చుకున్న పిన్‌బాల్ యంత్రం (వాలు పలక మీద ఉక్కు బంతిని కిందికి జారిపోకుండా కొడుతూ ఆడే ఆట) ఆరేళ్లుగా వాళ్ల వసారా గదిలో ఉంది. అది 1990ల మొదట్లో తయారైన యంత్రం. కరెంటు సంగతి వచ్చిన కొత్తలోనే చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైర్లు మార్చి 230 వోల్టులకు అనువుగా చేశాను, అప్పటి నుంచి ఆ భాగం ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇప్పుడు వచ్చిన చిక్కంతా స్విచ్చులది. ఆట మొదలుపెట్టగానే ఒక బంతికి బదులు ఒక్కొక్కసారి రెండు బయటికి వస్తున్నాయి. మరొకప్పుడు బంతులన్నీ లోపలే ఉన్నా ఒకటి తప్పిపోయిందని భావించి, ఎక్కడైనా ఇరుక్కున్న బంతిని కదిలించడానికి యంత్రం కాయిల్స్ (కరెంటు రాగానే బంతిని తన్నే తీగచుట్టలు) అన్నింటినీ వరుసగా కొట్టిస్తోంది. వీటికి తోడు కుడి స్లింగ్‌షాట్ (తగిలిన బంతిని వెనక్కి కొట్టే రబ్బరు అమరిక) బంతి బలంగా తగిలినా పలకడం లేదు, ఎడమది తగలకుండానే టకటకలాడుతోంది.

బంతి ఎక్కడుందో యంత్రానికి తెలిపేవి స్విచ్చులు మాత్రమే. ఆటలో జారిపోయిన బంతి ముందు ఫ్లిప్పర్ల (ఆడేవారు బంతిని పైకి కొట్టే రెక్కల) దిగువన ఉన్న గుంటలో పడుతుంది. అక్కడి స్విచ్చి నొక్కుకోగానే ఒక కాయిల్ దానిని పక్కనున్న వాలు దారిలోకి తంతుంది. ఆ దారిలో మూడు బంతులు ఒకదాని వెనుక ఒకటి ఆగి ఉంటాయి, ఒక్కొక్క బంతి కింద ఒక్కొక్క మైక్రోస్విచ్చి ఉంటుంది. ఆ దారికి మేము మొదటి రోజే బోదె అని పేరు పెట్టుకున్నాం. పొలానికి నీరు వదిలే పిల్ల కాలువలాగే అక్కడ కూడా ముందున్నది కదిలితేనే వెనకది ముందుకు వస్తుంది, చివర కూర్చున్న కాయిల్ తూము తలుపు చేసే పని చేస్తుంది. ఎన్ని బంతులు ఉన్నాయన్న లెక్క అంతా ఆ మూడు స్విచ్చుల మీదే ఆధారపడి ఉంది కాబట్టి, వాటిలో ఒకటి అబద్ధం చెప్పినా ఆట మొత్తం తప్పుతుంది.

జూన్ 30

మేనల్లుడు నోటు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ప్లేఫీల్డు, అంటే బంతి తిరిగే పలక, పైకెత్తే ముందు బంతులు మూడూ తీసి ఉక్కు గిన్నెలో వేశాం. తీయకుండా ఎత్తితే అవి వెనక్కి దొర్లి పైనున్న గాజును, ప్లాస్టిక్కులను పగలగొడతాయి. పరీక్ష మెనూలో స్విచ్చుల భాగం తెరిచి ఒక్కొక్క దానినీ వేలితో నొక్కుతుంటే దాని పేరు తెర మీద కనిపించాలి, గంట మోగాలి.

స్విచ్చుల వైర్ల అమరిక 64 గడుల పట్టికలా ఉంటుంది. నిలువు వరుసలు 8, అడ్డు వరుసలు 8, అవి కలిసే ప్రతి చోట ఒక స్విచ్చికి తావు ఉంటుంది. 64 స్విచ్చులకు విడివిడిగా వైర్లు లాగవలసిన పనిని ఈ పద్ధతి 16 వైర్లతో ముగిస్తుంది. కంప్యూటర్ బోర్డు నిలువు వరుసల వోల్టేజిని ఒకదాని తరువాత ఒకటిగా కిందికి లాగుతూ, ఆ క్షణంలో ఏ అడ్డు వరుస వోల్టేజి పడిపోయిందో చూసి, ఏ స్విచ్చి మూసుకుందో తెలుసుకుంటుంది.

వేలి పరీక్షలో తప్పినవి మూడే తేలాయి: కుడి స్లింగ్‌షాట్, పైనున్న ఒక టార్గెట్టు (బంతితో కొట్టవలసిన గురి), బోదెలో కుడి చివరి స్విచ్చి. చివరిది పదిసార్లు నొక్కితే ఆరుసార్లు పలికింది. మిగిలినవన్నీ బాగున్నాయని మేనల్లుడు టిక్కులు పెట్టేశాడు. ఆ టిక్కుల్లో ఒకటి తప్పని రెండు వారాల తరువాత తెలిసింది.

ఇలాంటి పని మొదటిసారి చేసేవారి కోసం ఒక మాట రాసి పెడుతున్నాను. పరీక్షకు తప్ప మిగతా సమయమంతా ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఉండాలి. స్విచ్చి వైర్లలో ఉండే వోల్టేజి తక్కువే, కానీ వాటి పక్కనే కాయిల్స్‌కు వెళ్లే 50 వోల్టులకు పైబడిన వైర్లు ఉంటాయి. చేతిలోని స్క్రూడ్రైవరు ఆ రెండింటినీ ఒక్క రెప్పపాటు కలిపినా బోర్డు మీద ఆ వరుసలను నడిపే చిప్పులు పోతాయి.

జూలై 2

ఈ రోజంతా రేకు స్విచ్చులకే సరిపోయింది. స్లింగ్‌షాట్ రబ్బరు వెనుక రెండు రేకు స్విచ్చులు ఉంటాయి. బంతి రబ్బరును లోపలికి నొక్కితే పొడవాటి రేకు వెనక్కి వంగి పొట్టి రేకును తాకుతుంది, కాయిల్ విసురుగా పనిచేసి బంతిని వెనక్కి కొడుతుంది.

కాంటాక్టులను భూతద్దం కింద పెట్టి చూశాను. కుడివైపు రేకు కొసన ఆవగింజంత కాంటాక్టు మీద బూడిద రంగు పొర పట్టి ఉంది, మధ్యలో మాత్రం సూది మొనంత మేర పసుపు మెరుస్తోంది. ఆ పసుపు బంగారు పూత. అతి తక్కువ కరెంటు ప్రవహించే చోట్ల వెండి కాంటాక్టు పనికిరాదు. ఇంట్లో వెండి కుంకుమ భరిణె వాడకుండా వదిలేస్తే నల్లబడినట్టే అది కూడా నల్లబడుతుంది, ఆ నల్లటి పొరను చీల్చుకుని వెళ్లే శక్తి ఈ కొద్దిపాటి కరెంటుకు ఉండదు. గౌతమి, వైనతేయ పాయల మధ్య, ఓడలరేవు వైపు నుంచి వీచే ఉప్పు గాలిలో, వానాకాలమంతా గోడలు చెమర్చే ఊళ్లో ఒక యంత్రం ఆరేళ్లు ఉందంటే ఇంత మాత్రమే మురికి పట్టినందుకు సంతోషించాలి.

శుభ్రం చేయడానికి ఆకురాయి గానీ గరుకు కాగితం గానీ వాడకూడదు. ఒక్కసారి రుద్దితే బంగారు పూత పోతుంది, తరువాత ఆ స్విచ్చి నెలనెలా మొరాయిస్తుంది. పాత యంత్రాలలో ఫ్లిప్పర్ కాయిల్ కరెంటును నేరుగా మోసే టంగ్‌స్టన్ కాంటాక్టులు ఉంటాయి, ఆకురాయి వాటికి మాత్రమే. నేను పాత శుభలేఖ ఒకటి తీసి అచ్చు లేని అంచును సన్నని పట్టీగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొసను తడిపి, రెండు రేకుల మధ్య పెట్టి, వేలితో మెల్లగా నొక్కి పట్టి లాగాను. మొదటి పట్టీ మీద నల్లని గీత పడింది, నాలుగో పట్టీ తెల్లగానే బయటికి వచ్చింది.

ఆ తరువాత రేకుల మధ్య ఎడం సరిచేయడం. ఇక్కడ చాలామంది వరుస తప్పుతారు. రేకులను, వాటి మధ్యనుండే బేకలైటు ముక్కలను కలిపి బిగించే రెండు స్క్రూలు ఏళ్ల తరబడి వదులవుతూ ఉంటాయి. ముందు రేకులు వంచి తరువాత స్క్రూలు బిగిస్తే ఎడం మళ్లీ మారిపోతుంది కాబట్టి, స్క్రూలు బిగించాకే రేకు మీద చేయి వేయాలి. కుడివైపు స్క్రూ ముప్పావు చుట్టు తిరిగింది. రేకును కొస దగ్గర వంచకూడదు, మొదట్లోనే వంచాలి. అందుకు వేరే పనిముట్టు అమ్ముతారు గానీ, నేను అరిగిపోయిన స్క్రూడ్రైవరు మొనలో హాక్సా బ్లేడుతో గాడి కోసి అదే వాడాను. ఎడం కొలవడానికి కూడా హాక్సా బ్లేడ్లే ఉపయోగపడ్డాయి. రెండు బ్లేడ్లు కలిపి పెడితే ఒకటింబావు మిల్లీమీటరు వస్తుంది, ఆ రెండూ తగిలీ తగలకుండా దూరితే నాకు సరిపోతుంది. ఎడమవైపు స్లింగ్‌షాట్‌లో ఒక్క బ్లేడు కూడా దూరలేదు. కాయిల్ కొట్టిన అదురుకే రేకులు మళ్లీ కలుస్తున్నాయి, అందుకే ఆ టకటకలు. ఎండిపోయి పగుళ్లు వచ్చిన రబ్బరు వలయాలు రెండూ మార్చాను.

టార్గెట్టుకు శుభ్రం చేస్తే చాలింది.

జూలై 5

బోదె కుడి స్విచ్చి శుభ్రం చేసుకునే రకం కాదు. మైక్రోస్విచ్చి మూసిన పెట్టె కాబట్టి లోపల అరిగితే మార్చడమే మార్గం. కాకినాడ వెళ్లిన పని మీద అదే కొలతలో, అవే మర రంధ్రాలతో ఉన్నది కొన్నాను. పొడవాటి లివర్ ఉంది, వేలితో నొక్కితే టిక్కుమని నిక్కచ్చిగా పలికింది. పాత స్విచ్చి మీద ఏ వైరు ఏ కాలికి ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకుని, కరెంటును ఒక వైపే పోనిచ్చే పాత డయోడు విప్పి, కొత్త 1ఎన్4004 డయోడు గీత ఉన్న వైపు పాతదానిలాగే పెట్టి సోల్డరు చేశాను. పరీక్ష మెనూలో పదికి పదిసార్లు పలికింది.

ప్లేఫీల్డు దించి బంతులు వేసి ఆడితే మొదటి బంతికే యంత్రం మళ్లీ వెతుకులాట మొదలుపెట్టింది. టార్చిలైటు వేసి చూస్తే బంతి లివర్ మీద కూర్చుంది గానీ లివర్ కిందికి దిగలేదు.

సాయంత్రం ఒక బంతిని జేబులో వేసుకుని బజారులో బంగారు కొట్టుకు వెళ్లాను. కొట్టు ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటండీ మాస్టారూ, ఇనప గుండు తూకానికి తెచ్చారేంటండీ" అంటూనే త్రాసులో పెట్టాడు. 80 గ్రాములకు ఒక పిసరు తక్కువ ఉంది. పిన్‌బాల్ బంతి వ్యాసం 27 మిల్లీమీటర్లు, ఉక్కు బరువు లెక్క వేసినా 80 గ్రాములే వస్తుంది. ఇంటికి వచ్చి వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ మీద కొత్త స్విచ్చిని తలకిందులుగా పట్టుకుని, లివర్ కొసను తక్కెడకు ఆనించి, టిక్కుమనే దాకా నెమ్మదిగా నొక్కుతూ అంకె చూశాను: 62 గ్రాములు. బోదెలో బాగా పనిచేస్తున్న ఎడమ స్విచ్చిని అలాగే కొలిస్తే 21 గ్రాములు. బంతి బరువు 80 గ్రాములే అయినా అదంతా లివర్ మీద పడదు. చాలా భాగాన్ని బోదె అంచులు మోస్తాయి, లివర్ వంతుకు మిగిలినది మాత్రమే వస్తుంది. వేలికి 21కీ 62కీ తేడా తెలియదు. బంతికి తెలుస్తుంది.

ప్లేఫీల్డు మీద ఈ తేడా ఇంకా ముఖ్యం. ఆరున్నర డిగ్రీల వాలు మీద 80 గ్రాముల బంతిని కిందికి లాగే బలం 9 గ్రాములంత మాత్రమే కాబట్టి, దారిలో అడ్డుగా ఉన్న తీగ బిరుసుగా ఉంటే మెల్లగా వచ్చే బంతి దానిని నొక్కలేక అక్కడే నిలిచిపోతుంది. జూన్ 30న పెట్టిన టిక్కులన్నీ కొట్టేయించాను. ఇకనుంచి ప్రతి స్విచ్చినీ వేలితో నొక్కి కాకుండా, బంతిని దాని మీదుగా దొర్లించి మాత్రమే పరీక్షించాలని నిర్ణయించుకున్నాం.

జూలై 9

తేలికగా నొక్కుకునే, బంగారు కాంటాక్టులున్న స్విచ్చులు హైదరాబాదు నుంచి కొరియర్‌లో వచ్చాయి. తక్కెడ మీద 19 గ్రాములు చూపించింది. పాత స్విచ్చి లివర్ తీగ వంపును కాగితం మీద పెన్సిలుతో గీసుకుని, కొత్త తీగను ఆ గీతకు సరిపోయేలా సన్న పట్టకారుతో వంచాను. వంచేటప్పుడు స్విచ్చి దగ్గరి కొసను ఇంకొక పట్టకారుతో పట్టుకోవాలి, లేకపోతే ఆ ఒత్తిడంతా లోపలి ప్లాస్టిక్ ఇరుసు మీద పడి విరుగుతుంది. కాకినాడలో కొన్నవాటిలో ఒకదానిని ఇది తెలియకుండానే విరిచాను.

బంతి వచ్చి ఆగిన చోట లివర్ పూర్తిగా దిగాలి, అంతేకాక బంతి వెళ్లగానే పూర్తిగా లేవాలి. రెండవది చూడటం చాలామంది మరచిపోతారు. వంపు ఎక్కువైతే పక్క బంతి అంచుకు కూడా తీగ తగిలి, లేని బంతిని ఉన్నట్టు చూపిస్తుంది. మూడుసార్లు విప్పి బిగించాక కుదిరింది. మూడు బంతులు వేసి ఇరవైసార్లు వదిలితే ఇరవైసార్లూ లెక్క సరిపోయింది.

బంతుల మీద తుప్పు గుంటలు పడ్డాయి కాబట్టి మూడూ మార్చి, ఒకటి అదనంగా ఉంచుకున్నాను. గుంటలు పడిన బంతి ప్లేఫీల్డు వార్నిష్‌ను గరుకు కాగితంలా గీకేస్తుంది.

జూలై 12

మేనల్లుడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "మావయ్యా, నేను ఎడమ సందులోంచి బంతి తెచ్చినప్పుడల్లా పైనున్న టార్గెట్టు కూడా పడిపోయినట్టు లెక్క వేస్తోంది. నేను దాన్ని కొట్టనేలేదు. నువ్వు బాగు చేశాకే ఇలా అవుతోంది." ఆ చివరి మాట నన్ను రోజంతా వెంటాడింది.

వెళ్లి, బంతులు తీసి, ప్లేఫీల్డు ఎత్తి, పరీక్ష మెనూ పెట్టి, ఎడమ సందు (బంతి దూరి వచ్చే సన్న దారి) స్విచ్చి మీదుగా బంతిని దొర్లించాను. ఆ ఒక్కటే పలికింది, టార్గెట్టు పలకలేదు. టార్గెట్టు రేకుల ఎడం చూశాను, సరిగానే ఉంది. ప్లేఫీల్డు దించి ఆడితే తప్పు మళ్లీ వచ్చింది. ఎత్తితే లేదు, దించితే ఉంది. ఎక్కడో వైరు నలుగుతోందనుకుని వైర్ల కట్ట పొడవునా వెతుకుతూ మూడు గంటలు గడిపాను. అలాంటిదేమీ లేదు.

జూలై 13

రాత్రి నిద్రలో ఒక విషయం తట్టింది. ఎత్తినప్పటికీ దించినప్పటికీ తేడా వైర్లలో లేదు, బంతుల్లో ఉంది. ఎత్తడానికి ముందు బంతులు తీసేస్తున్నాను. ఆటలో ఉన్నప్పుడు ఒక బంతి బయట తిరుగుతుంటే మిగతా రెండూ బోదెలో కూర్చుని, మధ్య, కుడి స్విచ్చులను నొక్కే ఉంచుతాయి. అంటే నేను ఈ తప్పును, అది పుట్టడానికి కావలసిన సరుకును తీసేసి వెతికాను.

పట్టిక తెరిచి చూశాను. బోదె మధ్య స్విచ్చిది 1వ నిలువు, 7వ అడ్డు. కుడిది 1వ నిలువు, 8వ అడ్డు. ఎడమ సందుది 6వ నిలువు, 7వ అడ్డు. బంతి తగలకుండానే పలుకుతున్న టార్గెట్టుది 6వ నిలువు, 8వ అడ్డు. నాలుగూ కలిపి గీస్తే చేను గట్లలా చక్కని దీర్ఘ చతురస్రం వచ్చింది. ఇలాంటి మూడు మూలలు మూసుకుంటే నాలుగో మూల మూసుకోకపోయినా మూసుకున్నట్టు కనిపించే ప్రమాదం ఈ పద్ధతిలో పుట్టుకతోనే ఉంది. దానిని ఆపడానికే ప్రతి స్విచ్చికీ ఒక డయోడు పెడతారు. మన డ్రెయిన్లు సముద్రంలో కలిసే చోట మురుగు నీరు బయటికి పోనిచ్చి, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పొలాల మీదికి ఎక్కకుండా మూసుకునే తలుపుల వంటిదే డయోడు. కరెంటును అడ్డు వరుస నుంచి నిలువు వరుసకే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

వెనక్కి ఎక్కుతోందంటే ఏదో ఒక తలుపు లేదన్న మాట. బోదె మధ్య స్విచ్చికి డయోడు పనిచేయకపోతే లెక్క సరిగ్గా సరిపోతుంది: 6వ నిలువును లాగినప్పుడు ఎడమ సందు స్విచ్చి ద్వారా 7వ అడ్డు పడుతుంది. అది తలుపు లేని మధ్య స్విచ్చి ద్వారా 1వ నిలువును లాగుతుంది, అది కుడి స్విచ్చి ద్వారా 8వ అడ్డును లాగుతుంది, దాంతో కంప్యూటర్ 6వ నిలువు, 8వ అడ్డు అని చదువుకుంటుంది. అదే నిజమైతే మూడో బంతి కూడా బోదెలో వేసి ఎడమ స్విచ్చిని నొక్కించినప్పుడు 6వ అడ్డు వరుసలో కూడా ఒక దొంగ స్విచ్చి పలకాలి. మూడు బంతులూ వేసి, ప్లేఫీల్డు దించే ఉంచి, అదనపు బంతిని ఎడమ సందులో దొర్లించాను. తెర మీద ఒకేసారి మూడు పేర్లు వచ్చాయి.

మేనల్లుడి మాటకు కూడా సమాధానం దొరికింది. ఇన్నాళ్లూ కుడి స్విచ్చి సగం సార్లు పలకలేదు కాబట్టి మూడో మూల సరిగా మూసుకునేది కాదు. దానిని బాగు చేయడంతో పాత తప్పు బయటపడింది.

జూలై 14

మీటరుతో మధ్య స్విచ్చి డయోడు కొలిస్తే బీప్ మోగింది, అంటే షార్టు. అనుమానం వచ్చి మిగతా రెండూ కొలిస్తే అవీ మోగాయి. నా చేత్తో పెట్టిన కొత్త డయోడు కూడా షార్టు అయ్యే వీలు లేదు. స్విచ్చికి మూడు కాళ్లు: ఉమ్మడిది ఒకటి, నొక్కితే కలిసేది ఒకటి, నొక్కనప్పుడు కలిసి ఉండేది ఒకటి. డయోడును ఉమ్మడి కాలికీ మూడో కాలికీ మధ్య పెట్టి, నిలువు వరుస వైరును ఆ మూడో కాలికే అతికిస్తారు. నొక్కనప్పుడు ఆ రెండు కాళ్లను స్విచ్చే లోపల కలిపి ఉంచుతుంది కాబట్టి మీటరు మోగి తీరుతుంది. లివర్ నొక్కి పట్టుకుని కొలిస్తే మూడు డయోడ్లూ 0.55 వోల్టు చూపించాయి. మూడూ బాగున్నాయి.

అప్పుడు బోర్డు దగ్గరి కనెక్టర్లు తీసి, డయోడు దగ్గర కాకుండా వైర్ల చివరల నుంచి, లివర్ నొక్కి ఉంచి, రెండు వైపుల నుంచీ కొలిచాను. కుడి, ఎడమ స్విచ్చులు ఒక వైపే పోనిచ్చాయి. మధ్యది రెండు వైపులా మోగింది.

స్విచ్చి విప్పి దీపం కిందికి తెచ్చాను. ఆకుపచ్చ వైరు ఉండవలసిన మూడో కాలి మీద పాత సోల్డరు మచ్చ మాత్రమే ఉంది. వైరు ఉమ్మడి కాలికి అతికించి ఉంది, అక్కడ సోల్డరు మిరియపు గింజంత బుడిపెలా పేరుకుని, దాని పక్కన వైరు తొడుగు కాలి గోధుమ రంగుకు తిరిగి ఉంది. ఎప్పుడో, సముద్రానికి అవతలే, వైరు ఊడిపోతే ఎవరో దొరికిన కాలికి అతికించేశారు. స్విచ్చి పలికింది కాబట్టి పని అయిపోయిందనుకుని ఉంటారు. డయోడు దాని చోట చెక్కుచెదరకుండా ఉంది గానీ కరెంటు దారిలో లేదు.

కాలిన మేర వైరు కత్తిరించి, తాజా కొసకు సోల్డరు పట్టించి, మూడో కాలికి అతికించి, స్లీవ్ తొడిగాను. పని మొత్తానికి ఐదు నిమిషాలు పట్టింది. బంతులు మూడూ వేసి, నాలుగో బంతిని ఎడమ సందులో దొర్లిస్తే తెర మీద ఒక్క పేరే వచ్చింది. మేనల్లుడు మిగతా స్విచ్చులన్నింటినీ బోదె నిండా బంతులు ఉండగానే మళ్లీ మొదటి నుంచి పరీక్షించి టిక్కులు పెట్టాడు, అది ముగిసేసరికి రాత్రి పదకొండయింది.

జూలై 22

వారం రోజులుగా ముసురు. వర్షానికి స్విచ్చులు ఎలా ఉంటాయో చూడాలనే ఇంతవరకు ఏమీ రాయలేదు. బావగారు, మేనల్లుడు కలిసి రోజుకు పదిహేను, ఇరవై ఆటలు ఆడారు. బంతుల లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. క్రెడిట్ల (ఇంకా ఆడగల ఆటల) అంకె పక్కన, స్విచ్చుల్లో ఏదో తేడా ఉందని తెలిపే చుక్క ఇప్పుడు లేదు. కుడి స్లింగ్‌షాట్ కొత్త రబ్బరు సాగి కొద్దిగా వదులైంది, రేకును ఒక వెంట్రుకవాసి ముందుకు వంచాను.

పెట్టె లోపల తేమ పీల్చే సిలికా జెల్ సంచులు రెండు వేలాడదీశాను, నెలకొకసారి వాటిని పెనం మీద వేడి చేసి తిరిగి పెట్టాలి. ఎడమ సందు తీగ తక్కెడ మీద 30 గ్రాములు చూపిస్తోంది, అక్కడ బంతి వేగంగా వస్తుంది కాబట్టి ప్రస్తుతానికి పలుకుతోంది. తేలికపాటి స్విచ్చి ఒకటి మిగిలి ఉంది, ఆదివారం దానిని అక్కడ వేస్తాను.